ఎర్ర బటన్ వెనుక

పలాస, టెక్కలి మీదుగా జాతీయ రహదారిపై తిరిగే ట్యాక్సీల్లో ప్రయాణికుల చేతికందేలా ఒక ఎర్ర బటన్ ఉండాలి. ఆపదలో దాన్ని నొక్కితే, బండిలో అమర్చిన చిన్న పరికరం కంట్రోల్ రూముకు కబురు పంపుతుంది. 2012 డిసెంబరులో ఢిల్లీలో, నడుస్తున్న బస్సులో ఒక యువతిపై జరిగిన ఘోరం తర్వాత ఈ ఆలోచన బలపడింది. కేంద్రం 2016 నవంబరులో నిబంధన తెచ్చింది. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బస్సులు, ట్యాక్సీలకు తప్పనిసరి చేసింది. పల్లె జనం ఎక్కువగా ఎక్కే ఆటోలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

ఈ పరికరం మూలాలు పాతవే. అమెరికా సైన్యం కోసం పుట్టిన జీపీఎస్‌ను పౌరులకూ ఇస్తామని 1983లో ఆ దేశం ప్రకటించింది. దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేసిన సంవత్సరమది. 1996లో జనరల్ మోటార్స్ ‘ఆన్‌స్టార్’ పేరిట కారులో ఫోన్‌నూ జీపీఎస్‌నూ కలిపింది. జీపీఎస్ లాంటి మన దేశపు నావిక్ వ్యవస్థ తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది.

ఉపగ్రహం మనల్ని గమనిస్తోందనుకుంటే పొరపాటు. అది తన స్థానాన్ని, సమయాన్ని ప్రకటిస్తూ పోతుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి, తానెక్కడున్నదీ పరికరమే లెక్కగడుతుంది. దాన్ని లోపలి సిమ్ మొబైల్ టవర్ ద్వారా సర్వర్‌కు పంపుతుంది. రక్షణా అక్కడే, ముప్పూ అక్కడే.

2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే పరిశోధకులు ఇంటర్నెట్ గుండా జీప్ చెరోకీలోకి చొరబడి, హైవేపై యాక్సిలరేటర్ పనిచేయకుండా చేసి చూపారు. కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేయాల్సి వచ్చింది. డ్రైవర్ల జాడను, నడిపే తీరును సరైన అనుమతి లేకుండా అమ్ముకున్నారని ఆన్‌స్టార్‌పైనే 2025 జనవరిలో అమెరికా వాణిజ్య కమిషన్ అభియోగం మోపింది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి ఈ రెండో ముప్పు, అంటే జాడ ఇతరుల చేతికి పోవడం, మరీ దగ్గరిది. కవిటి నుంచో వజ్రపుకొత్తూరు నుంచో ఒక బండి వారానికి మూడుసార్లు, ఒకే వేళకు, పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్లి నాలుగు గంటలు ఆగి వస్తోందనుకోండి. ఆ ఇంట్లో ఒకరికి డయాలసిస్ జరుగుతోందని రికార్డు చూసినవారు ఇట్టే పసిగడతారు. అందులో రోగం పేరు ఉండదు, రోగి పేరూ ఉండదు. అయినా ఆ సంగతి బీమాకో, అప్పుకో, పిల్లల పెళ్లి సంబంధానికో అడ్డం రావచ్చు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినా, ఆరోగ్య వివరాలకు అందులో ప్రత్యేక వర్గం లేదు. కాబట్టి బండి జాడను వైద్య రికార్డంత జాగ్రత్తగా కాపాడాలి. ఆపద కబురు క్షణంలో చేరాలి. అవసరం తీరిన పాత జాడలు గడువులోగా చెరిగిపోవాలి. కొత్త బండి కొనేటప్పుడు సమాచారం ఎవరికి వెళ్తుందో, ఎన్నాళ్లు ఉంటుందో అడగండి. పాత బండి అమ్మేముందు అందులోని మీ ఖాతాను, ఫోన్ నంబర్లను తీసేయండి.