మానని కటియెముక

పలాసలో జీడిపప్పు పొట్టు తీయు నొక యిల్లాలిని నే నెఱుగుదును. బండిమీదనుండి పడి, లేచి తిరుగుచున్నదే గాని, యేడాదిపొడుగునను ఒక ప్రక్కకే యొరగి కూర్చుండెడిది. మంచముపై ప్రక్కకు తిరిగిన కలుక్కుమనెడిదట. చెప్పుకొన సిగ్గుపడి అంగడిలో నొప్పిమాత్రలు కొని మ్రింగెడిది. ఇంటివారు నడుమునొప్పి యనుకొనిరి. తీరా చూడగా అది అతుకుకొనని కటియెముక.

కటివలయము గాజువంటిది, గట్టిదెబ్బకు తఱచుగ ముందొకచోటను వెనుక నొకచోటను విరుగును. రక్తము సమృద్ధిగ పాఱు నెముక గావున సాధారణముగ అతుకును. ముక్కలు మిక్కిలి తొలగి, కుదుట నిలువనిచో కొందఱికి అతుకదు. కటి విరిగినవారిని పలకపై పరుండబెట్టి కొయ్యమేకులకు కట్టవలెనని సుశ్రుతుడు విధించెను. విరిగినదానిని కదలనీయరాదన్న మాట నేటికిని సత్యమే. కాని నెలలు గడచినను అతుకని యెముకకు పడక చాలదు.

అప్పుడు శస్త్రమే శరణ్యము. వైద్యుడు ఎక్స్‌రేలును సి.టి. స్కానును చూచి, ముక్కల నడుమ పెరిగిన నారవంటి పదార్థమును గీకివేయును. ఎముక యంచులను నెత్తురు చెమర్చువఱకు చెక్కును. రోగి కటియెముక పైయంచునుండియే తీసిన తునకలను సందులో కూరి, లోహపుపలకను మరలతో బిగించును. ఎముక వంకరగా కుదిరియున్నచో పని రెట్టింపగును. ముందువైపును వెనుకవైపును కోసి, వలయమును విడదీసి సరిచేయవలసియుండును. రక్తము చాల పోవచ్చును. కాలినరములును మూత్రాశయమును చేరువనే యుండును. పిమ్మట కొన్ని వారములు ఆ కాలిపై బరువు మోపరాదు. నొప్పి పెక్కుమందికి తగ్గును, అందఱికిని పూర్తిగ పోదు. కావున పలాసనుండి రైలెక్కి విశాఖపట్టణమువంటి పెద్ద ఊరికి పోయి, కటిశస్త్రమున చేయితిరిగినవారినే విచారింపవలెను.

ఉద్దానమువారి కింకొక చిక్కు గలదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతముల మూత్రపిండవ్యాధికి కారణ మింకను తేలలేదు. డి విటమినును శరీరమునకు పనికివచ్చునట్లు మార్చునది మూత్రపిండమే. అది చెడినచో సున్నము, భాస్వరముల లెక్క తప్పి యెముక డొల్లయగును. అట్టి యెముకలో మర నిలుచుట కష్టము. ఆ నొప్పిమాత్రలలో పెక్కు మూత్రపిండమునకే హాని చేయును. ఎముకకని మ్రింగినది ఎముకకే ముప్పు తెచ్చును! 2023 డిసెంబరులో పలాసయందు ఈ వ్యాధికే 200 పడకల ఆసుపత్రి తెఱచిరి. పరీక్షకు దూరము పోనక్కఱలేదు.

ఆ యిల్లాలికి వైద్యుడు మొదట వ్రాసిన చీటి శస్త్రమునకు కాదు, రక్తములో క్రియాటినిన్ చూచుటకు.