యంత్రాలు రెండు.. తాళం ఒక్కటే!

* పాత మల్టీట్రాక్ రికార్డర్లలో ఉండిపోయిన పాటలు
* కంప్యూటర్‌లోకి తెచ్చేటప్పుడే అసలు తంటా
* కిటుకు తెలిస్తే ఇంటి స్టూడియోలోనే పని పూర్తి

హరికథ మొదలైనప్పుడు గొంతూ మృదంగమూ చక్కగా కలిసే ఉంటాయి. అరగంట గడిచేసరికి మాట ఒకచోట, దరువు ఒకచోట. పాడినాయన తప్పు కాదు, వాయించినాయన తప్పూ కాదు. కొన్ని ట్రాక్‌లు డిజిటల్ రికార్డరులో, కొన్ని కంప్యూటర్లో పెట్టుకుని రెండిటినీ కలిపి నడిపే ఇంటి స్టూడియోల్లో ఎదురయ్యే తంటా ఇది.

పెద్ద స్టూడియోల పనిని ఇంట్లో ఒక గదిలోకి తెచ్చినవి ఈ రికార్డర్లే. ఎలెసిస్ కంపెనీ అడాట్ యంత్రాన్ని 1991లో ప్రదర్శించింది. మరుసటి ఏడాది అది బజారుకొచ్చింది. వీడియో క్యాసెట్ లాంటి ఎస్-వీహెచ్ఎస్ టేపు మీద ఎనిమిది ట్రాక్‌లు ఎక్కించేది. 1993లో టాస్కామ్ డీఏ-88 వచ్చింది. 1996లో రోలాండ్ వీఎస్-880తో టేపు బదులు హార్డ్‌డిస్కు వచ్చింది.

బళ్ళారి, హోసూరు, షోలాపూర్, బరంపురం, యానాం.. ఏ ఊళ్ళోనైనా ఇలాంటి పెట్టె ఒకటి అటక మీద ఉండి, అందులో ఊరి భజన బృందం పాటో, పెళ్ళి పాటలు పాడిన పెద్దామె గొంతో ఉందంటే, అక్కడి తెలుగు యాస కూడా అందులో ఉన్నట్టే. క్యాసెట్‌కో సీడీకో ఎక్కినది అన్నీ కలిపేసిన పాట. మల్టీట్రాక్‌లో మాత్రం ఎవరి గొంతు వారిదిగా ఉంటుంది. హార్మోనియం ఆపేసి అవ్వ గొంతు ఒక్కటే మనవలకు వినిపించొచ్చు. ఆ అవ్వ ఇప్పుడు లేకపోతే దాని విలువ చెప్పక్కర్లేదు.

ఎత్తుగడ వేరు, లయ వేరు

రెండు యంత్రాలు కలిసి నడవాలంటే రెండు సంగతులు తేలాలి. పాట ఇప్పుడు ఎక్కడుంది? ఎంత వేగంతో నడుస్తోంది? సంగీతం తెలిసినవాళ్ళ మాటల్లో చెప్పాలంటే మొదటిది ఎత్తుగడ, రెండోది లయ. ఎత్తుగడ కుదిరినంత మాత్రాన లయ నిలవదు. పొరపాటంతా ఇక్కడే జరుగుతుంది.

ఎత్తుగడ సంగతి చూసుకునేది మిడి టైమ్‌కోడ్. మిడి తీగ గుండా రికార్డరు 'ఇప్పుడు ఒకటో నిమిషం, పన్నెండో సెకను' అని కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన పెట్టుకుంటే సెకనుకు వంద సంకేతాలు వెళతాయి. పూర్తి సమయం ఒకసారి చెప్పడానికి ఎనిమిది సంకేతాలు కావాలి.

లయ సంగతి డిజిటల్ క్లాకుది. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగులో సెకనుకు 48,000 నమూనాలు ఉంటాయి. అంటే టైమ్‌కోడ్ సంకేతం ఒకటి వచ్చి రెండోది వచ్చేలోగా 480 నమూనాలు దాటిపోతాయి. ఈ లెక్క చూసుకోవడానికి ప్రతి యంత్రంలోనూ సొంత క్రిస్టల్ గడియారం ఉంటుంది. ఏ రెండు గడియారాలూ అచ్చం ఒకేలా నడవవు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకున్నా, ఐదు నిమిషాల పాటలో 15 మిల్లీసెకన్లు జారుతుంది. అరగంట కథలో అది 90కి చేరుతుంది. చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

తాళం వేసేది ఒక్కరే

కచేరీలో ఇద్దరు రెండు తాళాలు వేస్తే ఏమవుతుంది? ఇక్కడా అంతే. రెండు యంత్రాల్లో ఒకటే క్లాకు ఇవ్వాలి, రెండోది దాన్ని అనుసరించాలి. రికార్డరు నుంచి పాట తీసేటప్పుడు రికార్డరునే పెద్దగా పెట్టుకోవడం సులువు. కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో క్లాకును 'ఇంటర్నల్' నుంచి డిజిటల్ ఇన్‌పుట్‌కు మార్చాలి. ఈ ఒక్క మీట మరిచిపోతే పాట మధ్యలో టిక్కు టిక్కుమని చప్పుళ్ళు పడతాయి.

చిన్న ఇంటర్‌ఫేస్‌లకు విడిగా వర్డ్‌క్లాక్ సాకెట్ ఉండకపోవచ్చు. కంగారు అక్కర్లేదు. పాటను మోసుకొచ్చే డిజిటల్ తీగలోనే క్లాకు కూడా వస్తుంది.

శాంపుల్ రేటు కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి. 48లో ఎక్కించిన పాటను 44.1గా చదివిస్తే ఐదు నిమిషాల పాట 27 సెకన్లు సాగుతుంది. రెండున్నర శృతిలో పాడింది ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో పడుతుంది. ఇక ఏ హార్మోనియం మెట్టుకూ అందదు.

ఎనిమిది ట్రాక్‌లు.. నాలుగు విడతలు

అడాట్ వాళ్ళకు పని తేలిక. ఒక్క ఆప్టికల్ తీగలో ఎనిమిది ట్రాక్‌లూ ఒకేసారి వస్తాయి. ఇంటర్‌ఫేస్‌కు అడాట్ ఇన్‌పుట్ ఉండాలి, అంతే. ఎస్‌పీడీఐఎఫ్ ఆప్టికల్ సాకెట్ కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. తీగ పడుతుంది గానీ పాట రాదు. కొనేముందు చూసుకోవాలి.

వీఎస్-880 డిజిటల్ అవుట్‌పుట్‌లో ఒకసారికి రెండే ట్రాక్‌లు వెళతాయి. ఎనిమిదింటికి నాలుగు విడతలు. అరగంట కథకు రెండు గంటలు కూర్చోవాలి. నాలుగు విడతలూ ఒకేచోట మొదలవ్వాలి కాబట్టి టైమ్‌కోడ్ అవసరం ఇక్కడే. రికార్డరు టైమ్‌కోడ్ పంపుతుంది, క్యూబేస్, రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్ దాని వెంట నడుస్తుంది. జతలో ఒక ట్రాక్‌ను పూర్తిగా ఎడమకు, రెండోదాన్ని పూర్తిగా కుడికి తిప్పాలి. ఎఫెక్టులు, ఈక్వలైజరు తీసేయాలి.

టైమ్‌కోడ్ కుదరకపోతే ఇంకో దారి ఉంది. దరువు స్పష్టంగా ఉన్న ఒక ట్రాక్‌ను ప్రతి విడతలోనూ జతగా పంపాలి. అప్పుడు విడతలు ఏడవుతాయి. తరువాత స్క్రీను మీద ఆ దరువు గీతలను ఒకదాని కింద ఒకటి జరిపి కలిపితే చాలు. క్లాకు సరిగా ఉంటే మొదట కలిసింది చివరిదాకా కలిసే ఉంటుంది.

జూమ్ ఆర్16 లాంటి తరువాతి రికార్డర్లు మెమరీ కార్డు మీద వేవ్ ఫైళ్ళుగా దాస్తాయి. వాటికి ఈ బాధ లేదు. కార్డు తీసి కాపీ చేసుకోవడమే.

ఇవి మరవొద్దు

* తేమ ఎక్కువగా ఉండే తీరం ఊళ్ళలో టేపులకు బూజు పడుతుంది. అలాంటి టేపును యంత్రంలో పెట్టొద్దు. హెడ్డు పాడవుతుంది, బూజు పక్క టేపులకూ అంటుతుంది. ముందు శుభ్రం చేయించాలి.

* ఏళ్ళ తరబడి వాడని అడాట్‌లో రబ్బరు చక్రాలు గట్టిపడి ఉంటాయి. విలువైన టేపు పెట్టే ముందు పనికిరాని టేపుతో నడిపి చూడాలి.

* మొదట ఒక్క పాటే తీసి, మొదలూ చివరా రెండూ వినాలి. మొదలు బాగుంటే సరిపోదు. జారుడు చివర్లోనే బయటపడుతుంది.

* ఫైళ్ళకు పాట పేరు, పాడినవారి పేరు, ఊరు, ఏడాది రాసి రెండు డిస్కుల్లో వేర్వేరు చోట్ల పెట్టాలి.

టేపు యంత్రాలు చెడితే బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. విడిభాగాలూ సులువుగా దొరకడం లేదు. పాటను కంప్యూటర్‌లోకి తెచ్చాక మిక్సింగ్ ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా చేసుకోవచ్చు. తేవడం మాత్రం యంత్రం తిరుగుతున్నప్పుడే కుదురుతుంది.