వార్తల్లో పదం: బ్రాంచ్ ప్రిడిక్షన్

ప్రాసెసర్ మార్చలేదు, గ్రాఫిక్స్ కార్డు మార్చలేదు. విండోస్ అప్‌డేట్ పడగానే గేమ్‌లో ఫ్రేమ్‌లు పెరిగాయి. 2024 ఆగస్టు చివర్లో ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు వాడేవాళ్లలో చాలామంది చూసింది ఇదే.

ప్రోగ్రామ్‌లో అడుగడుగునా ‘ఇలా అయితే ఇటు, కాకపోతే అటు’ అనే మలుపులుంటాయి. జవాబు తేలేదాకా ఆగితే ఆలస్యం. అందుకే ప్రాసెసర్ పాత అనుభవాన్ని బట్టి ఒక దారిని ఊహించి ముందే పని మొదలుపెడుతుంది. ఇదే బ్రాంచ్ ప్రిడిక్షన్. ఆదోని హోటల్లో రోజూ వచ్చే మనిషి మెట్లెక్కుతుండగానే ఉగ్గాని బజ్జీ ప్లేటులో పెట్టేసినట్టు. ఆయన ఆ రోజు ఇడ్లీ అడిగాడా, ప్లేటు వెనక్కే! ఊహ తప్పితే ప్రాసెసర్ కూడా చేసిన పని పారేసి మలుపు దగ్గరికి తిరిగి రావాలి.

ఊహించేది చిప్పే అయినా, దానికి అనువుగా నడవాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్. అప్పటి కొత్త రైజెన్ 9000 చిప్‌ల సమీక్షలు చప్పగా వచ్చాక, తమ పరీక్షలు బ్రాంచ్ ప్రిడిక్షన్ మెరుగ్గా సాగే అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో చేశామని ఏఎండీ చెప్పింది. మామూలు ఖాతాలకూ ఆ వేగాన్నిచ్చే మార్పు విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో వచ్చింది. 23హెచ్2కు ఐచ్ఛిక అప్‌డేట్‌గా అందింది. పాత తరాల జెన్ 3, జెన్ 4 చిప్‌లూ లాభపడ్డాయి. మరి కొత్త చిప్ గొప్పేమిటన్న అనుమానం రావడం సహజం.

అప్‌డేట్ అంటే వేగమేనని కాదు. 2021 అక్టోబరులో విండోస్ 11 రాగానే రైజెన్‌లలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోని వేగవంతమైన చిన్న మెమరీ) మందగించి, కొన్ని ఈ-స్పోర్ట్స్ గేముల్లో 10-15 శాతం దాకా వేగం పడిపోయింది. అదే నెలలో సర్దారు.

ఎమ్మిగనూరులో విండోస్ 10తోనే సాగుతున్న రైజెన్ పీసీకి 2024 మార్పు వర్తించదు. గ్రాఫిక్స్ కార్డు బలహీనమైతే, విండోస్ 11లోనూ తేడా పెద్దగా కనిపించదు.