మంచె మీద, మోకు మీద: పడకుండా ఉండే శాస్త్రం

మన పరీక్షలలో స్వేచ్ఛాపతనం మీద ప్రశ్న ఏటేటా వస్తుంది. "ఒక వస్తువు కొంత ఎత్తు నుండి జారవిడువబడినది, భూమిని తాకు వేగమెంత?" అని అడుగుతారు. ఆ వస్తువు రాయి కావచ్చు, బంతి కావచ్చు. మా ఇంట్లో మాత్రం ఆ వస్తువు మా చిన్నాన్న. కాబట్టి ఈ లెక్క నాకు అయిదు మార్కుల లెక్కలా కనిపించదు. ఈ సంచికకు సైన్సు వ్యాసం వ్రాయమంటే ఇదే వ్రాయాలనిపించింది.

మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ పక్కలన్నీ కొబ్బరి, జీడి, పనస తోటలే. కొబ్బరికాయ నలభై అయిదు రోజులకో రెండు నెలలకో ఒకసారి దింపాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి చెట్లను కూల్చేసిన తరువాత తోటలూ తగ్గేయి, దింపు చేసే మనుషులూ తగ్గేరు. దింపుకి కూలి దొరక్క రైతే చెట్టెక్కే ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి. చిన్నాన్న అలా ఎక్కినవాడే. మార్గశిరంలో ఒకనాడు మంచు ఆరకుండానే నలభై అడుగుల చెట్టెక్కేడు. మోకు తెగలేదు, కాళ్ళ బందం జారలేదు. మొవ్వు దగ్గరకు చేరి, మోకు విప్పి పైకి దాటబోతూ ఒక మట్ట పట్టుకున్నాడు. అది ఎండుమట్ట, ఊడి చేతికొచ్చేసింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. నలభై అడుగులంటే సుమారు 12 మీటర్లు. నేలను తాకేటప్పటి వేగం సెకనుకు 15 మీటర్ల పైమాటే, అంటే గంటకు 55 కిలోమీటర్లు. రోడ్డు మీద ఆ వేగంతో పోయే బస్సు మనిషిని గుద్దితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పట్టే కాలం 1.6 సెకన్లు. "ఓరి బాబో" అనేలోగా అయిపోతుంది. ఏదో కొమ్మ పట్టుకోవచ్చులే, గెంతవచ్చులే అనుకునే ధైర్యానికి ఇందులో చోటు లేదు.

ఇంకొక సంగతి. వేగం ఎత్తుతో సమానంగా పెరగదు, ఎత్తు వర్గమూలంతో పెరుగుతుంది. ఎత్తు సగమైతే వేగం సగం కాదు, పదింట ఏడు వంతులుంటుంది. "తక్కువ ఎత్తేగా" అనే మాటలో ఉన్న మోసం ఇదే. పది అడుగుల మంచె మీద నుంచి నిద్రలో దొర్లి పడినా గంటకు 28 కిలోమీటర్ల వేగం వస్తుంది. మెడ విరగడానికి అది చాలు.

ఇక మోకు సంగతి. దానిని మా తాతల పనిముట్టు అని చిన్నచూపు చూడనక్కరలేదు. మోకు చెట్టునీ మనిషినీ కలిపి చుట్టుకొని ఉంటుంది. మనిషి వెనక్కి వాలితే మోకు బిగిసి చెట్టు వెనుకవైపు నొక్కుతుంది, పాదాలు ముందువైపు నొక్కుతాయి. నొక్కుడు ఎక్కువైన కొద్దీ ఘర్షణ ఎక్కువ, పట్టు ఎక్కువ. కొత్తగా ఎక్కేవాడు భయపడి చెట్టును కౌగిలించుకుంటాడు. అప్పుడు మోకు వదులై జారుతుంది. అంటే వాడిని వాడి భయమే పడదోస్తుంది. మంచు, వాన, నాచు పట్టిన మాను, ఇవి ఘర్షణ గుణకాన్ని తగ్గిస్తాయి. అందుకే ఎండెక్కిన తరువాతే చెట్టెక్కాలని పెద్దలన్నారు. ఆ మాట చిన్నాన్నకీ తెలుసు. కాని ఆ రోజు పలాస నుంచి లారీ తొందరగా వస్తుందన్నారు.

నార మోకు చెమటకీ తడికీ లోపల కుళ్ళుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. నైలాను కుళ్ళదు గాని ఎండకు పెళుసెక్కుతుంది. ముడి వేసిన చోట తాడు బలం సగానికి దగ్గరగా పడిపోవచ్చు. అయితే మోకులో ఉన్న అసలు లోపం వేరు. అది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పనికొస్తుంది. మొవ్వులోకి దాటే ఆ ఒక్క క్షణంలో మనిషికి ఏ తాడూ ఉండదు. చిన్నాన్న పడింది ఆ క్షణంలోనే.

ఈ క్షణం గురించి చదువుతూ ఉంటే ఒక చిత్రమైన పోలిక కనబడింది. అమెరికాలో జింకలను వేటాడేవాళ్ళు చెట్లకు చిన్న మచానులు బిగించుకొని వాటి మీద కూర్చుంటారు. (మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. ఇక్కడ మంచె కాపలాకే గాని వేటకు కాదు.) ఆ వేటగాళ్ళకు జంతువు వల్లా తుపాకి వల్లా ఉన్న ప్రమాదం ఒక ఎత్తయితే, మచాను మీద నుంచి పడే ప్రమాదం ఒక ఎత్తు. వారిలో చాలామంది పడేది కూర్చున్నప్పుడు కాదు, నిచ్చెన మీద నుంచి మచాను మీదికి కాలు మార్చేటప్పుడు. అందుచేత వారికి నేర్పే మొదటి పాఠం, నేల విడిచినది మొదలు మళ్ళీ నేల తాకేవరకు తాడు ఒంటిమీదే ఉండాలి అని. రెండోది, రెండు చేతులూ రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు పట్టులో ఉండాలి. మూడోది, సామాను చేత్తో పట్టుకొని ఎక్కకూడదు, ఎక్కిన తరువాత తాడుతో లాక్కోవాలి.

ఇవి మన మంచెలకీ సరిపోతాయి. మా మేనమామ గారిది పార్వతీపురం వైపు కొండవాలు ఊరు. మొక్కజొన్న కంకి వేసిన దగ్గర్నుంచి అడవిపందికి కాపలా ఉండాలి. నాలుగు రాటల మీదనో, ఇప్పచెట్టు కొమ్మల మధ్యనో మంచె వేస్తారు. చుట్టూ కమ్మీ ఉండదు. ఒక చేత టార్చి, ఒక చేత నీళ్ళ సీసా పట్టుకొని ఎక్కుతారు. రాత్రి చలికి ఒక గుక్క వేసుకొని పడుకునేవాళ్ళూ ఉన్నారు. మంచెకు నడుము ఎత్తున వెదురు కమ్మీ కడితే అరపూట పని. పడుకునేవాడు తాడుతో మంచెకు కట్టుకుంటే మంచె విరిగినప్పుడు దానితో పాటే పడతాడు. కాబట్టి తాడు పైనున్న గట్టి కొమ్మకు కట్టాలి. కురుపాం, కొమరాడ పక్కల ఏనుగులు తిరిగే పొలాల్లో మాత్రం మంచెను నమ్ముకోరాదు. రాటను తోసేయడం ఏనుగుకు పెద్ద పని కాదు. పందికి కరెంటు తీగ పెట్టేవారి గురించి ఇక్కడ వ్రాయను. అది చట్టవిరుద్ధమే కాదు, దానికి మనుషులే బలైపోతున్నారు.

తాడు ఉంటే చాలదు, ఎలా కట్టాలన్నదీ ముఖ్యం. అరవై కిలోల మనిషి తాడు వదులుగా ఉండి ఒక మీటరు పడి, పది సెంటీమీటర్లలో ఆగితే, అతని మీద పడే సగటు బలం అతని బరువుకు పదకొండు రెట్లు, అంటే 660 కిలోల బరువు. అదే యాభై సెంటీమీటర్లలో ఆగితే మూడు రెట్లే. ఈ బలమంతా నడుముకు కట్టిన ఒక్క తాడు మీద పడితే పక్కటెముకలో వెన్నో దెబ్బతింటాయి. తొడలకూ ఛాతీకీ పట్టీలున్న హార్నెస్ ఆ బలాన్ని పంచుతుంది. కొనేటప్పుడు ఐ.ఎస్. 3521 గుర్తు చూసుకోవాలి. తాడు వదులు ఎంత తక్కువుంటే అంత మేలు. ఇంకో విషయం, హార్నెస్‌లో కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళలో నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. కనుక ఒంటరిగా ఎక్కరాదు. కింద ఒకరుండాలి, కాలు పెట్టుకోడానికి ఒక తాడు ఉచ్చు జేబులో ఉండాలి.

ఈ ఏర్పాట్లు ఎక్కడో విదేశాలకే పరిమితమని అనుకోనక్కరలేదు. కేరళలో కణ్ణూరు జిల్లా చెంపేరికి చెందిన జోసెఫ్ అనే రైతు, నిలబడి మెట్లెక్కినట్టు కొబ్బరి చెట్టెక్కే యంత్రం తయారుచేసేడు. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి యువతకు దానిపై శిక్షణ ఇప్పించింది. చెట్టెక్కేవారికి కేర సురక్ష అనే బీమా కూడా ఉంది. తెలంగాణలో 2024 జూలైలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరున కిట్లు ఇవ్వడం మొదలుపెట్టేరు. మన వైపు తాటిచెట్లెక్కే యాతలకూ, కొండల మీద జీలుగుచెట్లకు వెదురు ఆనించి ఎక్కేవారికీ, చింతపండు దులిపే గిరిజనులకూ ఇటువంటివి కావాలి.

పడిన తరువాత సంగతి చెప్పాలి. చిన్నాన్న పడగానే నలుగురు పరుగెత్తుకొచ్చేరు. ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ళ కింద పట్టి ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టేరు. అందరూ మా వాళ్ళే, ప్రేమతోనే చేసేరు. వెన్నెముక విరిగినప్పుడు లోపలి నరాల తాడు ఒక్కోసారి నలగకుండా మిగిలే ఉంటుంది. మనిషిని వంచితే విరిగిన ఎముక అంచు దానిని కోసేస్తుంది. ఎముక అతుక్కుంటుంది గాని ఆ నరాల తాడు తెగితే తిరిగి అతకదు. చిన్నాన్నకు అది పడినప్పుడే తెగిందో, ఆటోలో తెగిందో ఎవరూ చెప్పలేరు. చెట్టు కింద పడి ఉన్నప్పుడు "కాళ్ళు మంటెత్తుతున్నాయి" అన్నాడని మా అమ్మ అంటుంది. ఆసుపత్రికి చేరేసరికి కాళ్ళు తెలియడం లేదన్నాడు.

కాబట్టి పడినవాణ్ణి లేపకండి, కూర్చోబెట్టకండి, నోట్లో నీళ్ళు పొయ్యకండి. తల అటూ ఇటూ తిరగకుండా ఒకరు రెండు చేతులా పట్టుకోవాలి. 108కి ఫోను చెయ్యాలి. బండి రాని చోటైతే తలుపు రెక్క ఊడదీసి, ముగ్గురు నలుగురు ఒక్కసారిగా, తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా దొర్లించి దాని మీద చేర్చి కట్టాలి. నులకమంచం పనికిరాదు, మధ్యలో కుంగుతుంది.

చిన్నాన్న ఇప్పుడు అరుగు మీద కూర్చొని ఊరందరికీ మోకులు పేనుతాడు. చెట్లెక్కేది మా నాన్న. కిందటి వేసవిలో ఒక హార్నెస్ కొని పట్టుకెళ్ళేను. మేకపిల్ల ధర కూడా లేదు. నాన్న దాన్ని చూసి నవ్వేసి, "సిగ్గేస్తాదిరా. మా తాత బెల్టెట్టుకొని ఎక్కినాడేటి?" అన్నాడు. అరుగు మీద నుంచి చిన్నాన్న, "ఎట్టుకో అన్నా, గుంటడు తెచ్చినాడు కదా" అన్నాడు. ముందు పనసచెట్టు కొమ్మకి జానెడు ఎత్తున వేలాడదీసి చూసేము. తొడ పట్టీలు వదులుగా ఉన్నాయి, బిగించేము. రెండు తాళ్ళుంటే ఒకటి మొవ్వు పైకి బిగించిన తరువాతే రెండోది విప్పవచ్చని చూపించేను.

నాలుగు చెట్లు అలాగే ఎక్కేడు, అయిదోదానికి తీసేసేడు. కారణం సిగ్గు కాదు. తాళ్ళు మార్చడానికి చెట్టుకి అయిదు నిమిషాలు ఎక్కువ పడుతోంది. అరవై చెట్లకు అయిదు గంటలు, అంటే ఇంకో పూట. ఆ మాట అబద్ధం కాదు. చివరకు నూతి వెనకనున్న పొడుగు చెట్లకు కట్టుకుంటానని, పొట్టి చెట్లకు వద్దని ఒప్పందానికొచ్చేడు. పొట్టి చెట్లంటే ఇరవై అడుగులు. దానికి గంటకు 39 కిలోమీటర్లని లెక్క కట్టి కాగితం మీద చూపించేను. "సంకురాత్రికి ఒస్తావు కదా, అప్పుడు మాటాడదాం" అన్నాడు.