సిస్టరు పేరడిగితే విసుక్కోకండి!

ఆసుపత్రిలో ఎప్పుడైనా రోగి పక్కన కూర్చున్న వాళ్ళయితే యిది మీరు చూసే వుంటారు. తలకు దెబ్బ తగిలిన మనిషి మంచం మీద వుంటాడు. అరగంటకోసారి నర్సు వస్తుంది. "నీ పేరేంటి? యిప్పుడెక్కడున్నావ్? యిది ఏ నెల?" అంటుంది. కళ్ళల్లోకి టార్చి వేస్తుంది. పలక్కపోతే గోరు మీద పెన్ను పెట్టి నొక్కుతుంది, భుజం మీది కండ పట్టి గట్టిగా పిసుకుతుంది. పక్కనున్న తల్లికో భార్యకో ఒళ్ళు మండుకొస్తుంది. "యిప్పుడే కన్నంటుకుందమ్మా, ఆ పేరేదో యిందాకే చెప్పాడు కదా, మళ్ళీ ఎందుకు లేపుతావ్!"

కోపం రావడం సహజమే. కానీ ఆవిడ కాలక్షేపానికి అడగడంలేదు. మెదడు ఎలా పనిచేస్తోందో కొలుస్తోంది. ఒంటి వేడికి థర్మామీటరు వున్నట్టే స్పృహకీ ఒక కొలత వుంది. 1974లో స్కాట్లండ్ దేశంలోని గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే యిద్దరు డాక్టర్లు దాన్ని తయారుచేశారు. అంతకుముందు ఒకరు "మగతగా వున్నాడు" అని రాస్తే, యింకొకరు "సగం స్పృహ" అని రాసేవారు. ఎవరి మాట వారిది. ఈ కొలతలో కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కాళ్ళూ చేతులూ కదపడానికి 6, మొత్తం 15 మార్కులు. అన్నిటికంటే తక్కువ 3. ఏమీ చేయకపోయినా మూడు మార్కులిచ్చే పరీక్ష యిదొక్కటేనేమో!

ఒకసారి వేసిన మార్కుల కంటే, అవి పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నదే ముఖ్యం. తలకు దెబ్బ తగిలినవాడు లేచి కూర్చుని టీ కూడా తాగవచ్చు. లోపల పుర్రె కింద రక్తం గూడుకడుతూ వుంటే కొద్ది గంటల్లో మగత కమ్ముతుంది, గురక వస్తుంది. మనమేమో "పాపం హాయిగా పడుకున్నాడు" అనుకుంటాం! 15 వున్నది 13కి దిగిందంటే నర్సు డాక్టరుని పిలవాల్సిందే. లేపకుండా ఆ సంగతి ఎలా తెలుస్తుంది చెప్పండి?

చూసే పద్ధతిలోనూ నేర్పు వుంది. "నా వేళ్ళు పట్టుకో" అన్నాక, "యిప్పుడు వదిలెయ్" అని కూడా అంటుంది. చేతిలో వేలు పెడితే పసిబిడ్డ కూడా పట్టుకుంటుంది. చెప్పగానే వదలాలంటే మాత్రం మెదడు ఆ మాట విని అర్థం చేసుకోవాలి. డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సూ, ఎక్కే నర్సూ యిద్దరూ కలిసి రోగిని చూసుకోవడం మంచి పద్ధతి. లేకపోతే రోగిలో మార్పు లేకపోయినా, చూసే మనిషి మారినందుకే మార్కులు మారిపోతాయి. రాత్రిపూట వార్డంతటికీ ఒక్కరే వున్నప్పుడు అరగంటకోసారి చూడటం ఎంత కష్టమో, యింటెడు చాకిరీ ఒంటిచేత్తో చేసేవాళ్ళకి వేరే చెప్పాలా?

బూర్గంపాడు వంటి చోట...

బూర్గంపాడు తెలుసు కదా, కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసే ప్రాంతం. యిటు సారపాక కాగితపు మిల్లు, లారీల రద్దీ. అటు అడవిలో కోయగూడేలు. వంతెన దాటితే భద్రాచలం ఏరియా ఆసుపత్రి. ఖమ్మం వెళ్ళాలంటే మాత్రం వంద కిలోమీటర్ల పైమాటే. వరంగల్, హైదరాబాదు యింకా దూరం. ఎవరిని వెంటనే బండెక్కించాలి, ఎవరిని యిక్కడే వుంచి చూడవచ్చు అన్నది చాలావరకు నర్సు రాసిన ఆ అంకెల మీదే ఆధారపడుతుంది.

అక్కడొక చిక్కు వుంది, పుస్తకాల్లో పెద్దగా కనబడదు. మాటకు 5 మార్కులన్నాం కదా, ఏ భాషలో మాటకి? గూడెం నుంచి వచ్చిన ముసలమ్మ కోయ భాషలో చక్కగా జవాబు చెబుతుంది. నర్సుకి ఆ భాష రాకపోతే "ఏదో గొణుగుతోంది" అని 2 వేసేస్తుంది. దాంతో బాగున్న మనిషికి 12 మార్కులే వస్తాయి. దీనికి తలకిందులుగా జరిగితే మరీ ప్రమాదం. నిజంగానే మతి తప్పి అర్థంలేని మాటలంటూ వుంటే, "కోయలో మాట్లాడుతోందిలే" అని వదిలేస్తారు. లంబాడీ తండాల వాళ్ళకీ, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయలకీ యిదే యిబ్బంది. అందుకే పక్కనున్న మనిషి సాయం కావాలి. "మా అత్త మామూలుగా యిలాగే మాట్లాడుతుంది", "కాదమ్మా, ఈ మాటలకి అర్థంలేదు" అని చెప్పగలిగేది యింటి మనిషే.

"యిది ఏ నెల?" అన్న ప్రశ్న కూడా అంతే. క్యాలెండరుతో పనిలేని పెద్దమ్మకి ఆ జవాబు తెలియకపోవచ్చు. "రాములవారి కళ్యాణం అయిపోయిందా, యింకా రావాలా?" అని అడిగితే టక్కున చెబుతుంది. తెలిసిన నర్సులు అలాగే అడుగుతారు.

సారా వాసన యింకో అడ్డంకి. తాగి బండి మీద నుంచి పడ్డవాణ్ణి "దిగితే లేస్తాడులే" అని యింట్లో పడుకోబెడతారు. తాగినవాడి తలకీ దెబ్బ తగులుతుంది కదండీ! ఆ మగత మందుదో, దెబ్బదో బయటి నుంచి తేల్చడం కష్టం. కాబట్టి దెబ్బదే అనుకుని చూడాలి. చక్కెర పడిపోయినా మనిషి అలాగే మాట్లాడతాడు, అందుకే ముందు వేలి నుంచి రక్తపు చుక్క తీస్తారు.

యిక కట్లపాము. ఆ కొలతకి కూడా అందని సంగతి యిది. నేలమీద పడుకున్నవాళ్ళని రాత్రిళ్ళు కాటేస్తుంది. పెద్దగా నొప్పి వుండదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతి, ఆపైన రెప్పలు వాలిపోవడం. నర్సు ఏం చేస్తుందంటే, తల కదపకుండా పైకి చూడమంటుంది, ఒకే ఊపిరితో అంకెలు లెక్కపెట్టమంటుంది, దిండు మీద నుంచి తల ఎత్తమంటుంది. రెప్ప నిలవకపోయినా, లెక్క తగ్గుతున్నా ఊపిరికి ముప్పు దగ్గర పడుతున్నట్టే. విషం బాగా ఎక్కితే కన్ను తెరవడు, పలకడు, వేలు కదపడు. మార్కులు చూస్తే 3! కానీ లోపల మెలకువగానే వుండవచ్చు, మన ఏడుపులన్నీ వింటూ వుండవచ్చు. విరుగుడు ఇంజక్షనుతో పాటు, అవసరమైతే మిషను మీద ఊపిరి అందిస్తే మళ్ళీ లేచి కూర్చుంటాడు. "అయిపోయింది, తీసుకుపోదాం" అనే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ వుంటారు. వాళ్ళ మాట వినకండి. మంత్రగాడి దగ్గర ఆగనూ వద్దు.

మలేరియా యిదివరకటంత లేదు గానీ పూర్తిగా పోలేదు. జ్వరంతో ఫిట్సు వచ్చిన పిల్లవాడు ఆ తర్వాత కాసేపు మగతగా వుండటం మామూలే. గంట దాటినా తల్లి పిలుపుకి కూడా లేవకపోతే జ్వరం మెదడుకి పాకిందేమోనని అనుమానించాలి.

పక్షవాతంలో నర్సు అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు మొదలైంది?" మీరేమో "పొద్దున ఆరింటికి చూశాను" అంటారు. ఆవిడకి కావలసింది ఆఖరిసారి బాగున్నదెప్పుడని. రాత్రి తొమ్మిదికి మజ్జిగ తాగి మామూలుగా మాట్లాడాడంటే తొమ్మిదే లెక్క. గడ్డని కరిగించే ఇంజక్షను యివ్వాలంటే మామూలుగా అక్కడి నుంచి నాలుగున్నర గంటలే గడువు. అదీ స్కానింగ్ చేసి, లోపల రక్తస్రావం లేదని చూశాకే.

నీరసంగా వున్నాడని గంజో, కాఫీయో నోట్లో పోయకండి. మింగగలడో లేదో ముందు నర్సు ఒక్క చెంచా నీళ్ళతో చూస్తుంది. దగ్గు వచ్చినా, గొంతు తడిగా గురగురమన్నా ఆపేస్తుంది. లేకపోతే మీరు ప్రేమగా పోసిన ఆ గంజి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

108లో ఎక్కేలోగా ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. ఆఖరిసారి బాగున్న టైము, వాడుతున్న మాత్రలు, మామూలుగా మాట్లాడే భాష, చెవుడు వుంటే ఆ సంగతి, పాత పక్షవాతం వుంటే ఏ చెయ్యి అన్నది. కంటి శుక్లం ఆపరేషన్ అయివుంటే ఏ కన్నో కూడా రాయండి. ఆ కంటిపాప టార్చికి మామూలుగా ముడుచుకోకపోవచ్చు. ముందే తెలియకపోతే నర్సు గుండె గుభేలుమంటుంది.