కణానికి కబురు అందేదెలా?

పదకొండో తరగతి జీవశాస్త్రం చివర హార్మోన్ల పాఠం ఉంటుంది. హార్మోను కణం మీద ఎలా పనిచేస్తుందో అక్కడ క్లుప్తంగా చెప్పి వదిలేస్తారు. అదే సంగతి బీఎస్సీలోనో, ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలోనో ఫిజియాలజీలో ఒకసారి, బయోకెమిస్ట్రీలో మరోసారి పెద్ద అధ్యాయమై ఎదురవుతుంది. జీ-ప్రోటీన్, అడినైలిల్ సైక్లేజ్, సైక్లిక్ ఏఎంపీ, ప్రోటీన్ కైనేజ్... ఈ పేర్లు చూసి చాలామంది బట్టీకి దిగుతారు. పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆ బట్టీ అక్కరకు రాదు. తెలుగు చెప్పేవాళ్లకు ఇందులో పనేమిటంటారా? సంకేతం, గ్రాహకం, వార్తాహరుడు... ఈ అధ్యాయం నిండా ఉన్నవి చెప్పడానికీ వినడానికీ సంబంధించిన మాటలే. అవి మా సొంత సరుకు.

ముందు గ్రాహకం సంగతి చూద్దాం. రిసెప్టర్‌కు తెలుగు పుస్తకాలు వాడే పేరు ఇది. హిందీకి అలవాటుపడిన చెవికి 'గ్రాహక్' అంటే కొట్టుకు వచ్చిన కొనుగోలుదారు. ఆ అర్థం ఇక్కడికి తెచ్చుకోకండి. గ్రహించేది గ్రాహకం. అది ఒక ప్రోటీన్. తనకు సరిపడే అణువు వచ్చి అతుక్కోగానే దాని ఆకారం కొద్దిగా మారుతుంది. కణానికి అందిన కబురంటే ఆ మార్పే.

హార్మోను రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. గ్రాహకం ఉన్న కణమే దాన్ని వింటుంది. విన్న కణాలన్నీ ఒకే పని చేయవు కూడా. మన క్వార్టర్స్‌లోనే చూడండి. తెలుగువాళ్ల ఇంట్లో వడ్డించేటప్పుడు 'చాలు' అంటే ఇక ఆపమని. పక్కింటి హిందీవాళ్లు 'పంఖా చాలూ హై' అంటే తిరుగుతూ ఉందని. శబ్దం దాదాపు ఒక్కటే. ఒక చెవికి ఆగమని వినిపిస్తే, ఇంకో చెవికి నడుస్తోందని వినిపిస్తుంది. అర్థాన్ని తేల్చేది వినేవారి భాష.

అడ్రినలిన్ కథ అచ్చం ఇదే. గుండెలోని బీటా 1 గ్రాహకాలు దాన్ని అందుకుంటే గుండె వేగం పెరుగుతుంది. ఊపిరితిత్తుల గాలిగొట్టాల కండరంలో ఉన్న బీటా 2 గ్రాహకాలు అందుకుంటే ఆ కండరం సడలి దారి వెడల్పవుతుంది. చర్మపు రక్తనాళాల్లోని ఆల్ఫా 1 గ్రాహకాలు అందుకుంటే నాళాలు ముడుచుకుంటాయి. భయపడ్డప్పుడు ముఖం పాలిపోయేది అందుకే. ఉబ్బసం ఉన్నవాళ్లు పీల్చే సాల్బుటమాల్ ముఖ్యంగా బీటా 2 మీద పనిచేస్తుంది కాబట్టి ఊపిరి ఆడుతుంది. ప్రొప్రనొలాల్ అనే మందు బీటా 1నీ, బీటా 2నీ రెండింటినీ మూసేస్తుంది కాబట్టి ఉబ్బసం రోగులకు దాన్ని ఇవ్వరు. వైవాలో తరచుగా అడిగే ప్రశ్న ఇది. కారణం తెలిసినవాళ్లు తడుముకోరు.

స్టెరాయిడ్ హార్మోన్లది వేరే దారి. అవి కొవ్వులో కరిగేవి కనుక కణపొరను దాటి లోపలికే వెళ్లి, అక్కడి గ్రాహకాలతో కలిసి జన్యువుల పనిని మారుస్తాయి. ఫలితం కనిపించడానికి గంటలు పడుతుంది. అడ్రినలిన్‌కు ఆ వీలు లేదు. అది గడప బయటే ఆగిపోతుంది. లోపలికి కబురు మోయడానికి మరొకరు కావాలి.

ఆ మరొకరే ద్వితీయ వార్తాహరుడు. అడ్రినలిన్ అతుక్కుని ఆకారం మారిన బీటా గ్రాహకం పొర లోపలి అంచున ఉన్న జీ-ప్రోటీన్‌ను కదుపుతుంది. అంతవరకు జీడీపీని పట్టుకుని నిద్రపోతున్న ఆ ప్రోటీన్ దాన్ని వదిలి జీటీపీని పట్టుకుంటుంది. మేలుకున్న జీ-ప్రోటీన్ ముక్క వెళ్లి అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును తడుతుంది. ఆ ఎంజైము ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీని తయారు చేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ ప్రోటీన్ కైనేజ్-ఏ ను లేపుతుంది. ఇక ఆ కైనేజ్ ఎదురైన ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటి పని మారుస్తుంది. ఒక్క గ్రాహకం అనేక జీ-ప్రోటీన్లను, ఒక్క ఎంజైము లెక్కలేనన్ని సైక్లిక్ ఏఎంపీ అణువులను కదిలిస్తుంది కనుక గోరంత కబురు లోపల కొండంతవుతుంది. సైక్లిక్ ఏఎంపీని కనిపెట్టిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి ముడిసరుకైన ఏటీపీని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఇంతవరకు ఎవరైనా రాస్తారు. మార్కులు పోయేది దీని తరవాతే. మొదలైన కబురు ఆగేదెలా? జీ-ప్రోటీన్‌లోనే దానికి ఏర్పాటుంది. పట్టుకున్న జీటీపీని అది తానే కోసి జీడీపీగా మార్చుకుని మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. పోగైన సైక్లిక్ ఏఎంపీని ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైము విరగ్గొడుతుంది. ఇవి చిన్న సంగతుల్లా కనిపిస్తాయి. ఆ మొదటి ఏర్పాటు ఒక్కటి చెడితే ఏమవుతుందో మన ఉపఖండానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. దాని పేరు కలరా.

కలరా సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో గుర్తించాడు. అది మనిషిని ఎలా చంపుతుందో తేలడానికి ఇంకా డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. తేల్చినవాడు కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే. ఆయన కలరా క్రిములను పెంచిన ద్రవాన్ని వడకట్టి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి, దారంతో ముడివేసిన కుందేలు పేగు భాగంలోకి ఎక్కించారు. క్రిమి లేకున్నా పేగు నీటితో ఉబ్బిపోయింది. అంటే చంపేది క్రిమి విడిచే విషం. 1959లో ఈ ఫలితం 'నేచర్' పత్రికలో వచ్చింది. అంత పని చేసిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు పెద్దగా కనిపించదో మాకు అర్థం కాదు.

ఆ విషం చేసే పనేమిటో తరవాతి పరిశోధనల్లో బయటపడింది. అది పేగు కణంలోకి దూరి జీ-ప్రోటీన్‌కు ఒక రసాయన ముక్కను అతికిస్తుంది. దాంతో ఆ ప్రోటీన్ జీటీపీని కోసే శక్తిని పోగొట్టుకుంటుంది. కుళాయి తిప్పాక పిడి ఊడిపోయినట్టన్నమాట. సైక్లిక్ ఏఎంపీ పెరుగుతూనే పోతుంది. క్లోరైడ్ కణం నుంచి పేగులోకి ధారగా పోతుంది, సోడియం, నీరు దాని వెంటే పోతాయి. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోయి మనిషి గంటల్లోనే చనిపోవచ్చు.

అయితే ఆ కణంలోనే సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి లాక్కునే ప్రోటీన్ మరొకటి ఉంది. సైక్లిక్ ఏఎంపీ పెరిగినా అది పాడవదు. ఉప్పుతో పాటు గ్లూకోజు కూడా అందిస్తే ఆ దారిలో రెండూ లోపలికి వెళ్తాయి, నీరు వాటి వెంట వెళ్తుంది. ఓఆర్ఎస్ పనిచేసేది ఇలాగే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో సరిహద్దు దగ్గరి బనగావ్‌లో శరణార్థులకు కలరా సోకింది. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపించి, తాగించే పని రోగుల బంధువులకే అప్పగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 4 శాతం లోపుకు తగ్గాయి. పిడి ఊడిన కుళాయిని ఎవరూ బాగుచేయలేదు. పేగు లోపొర కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. అంతవరకు ఒంట్లో నీరు నిలిపితే చాలు, రోగి బతుకుతాడు. ఇంట్లో పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

కాబట్టి ఏ హార్మోను చదివినా ఒక తెల్లకాగితం తీసుకోండి. కబురు ఎవరు పంపారు, ఏ గ్రాహకం విన్నది, లోపల ఎవరు మోశారు, చివరికి ఏం మారింది, ఎలా ఆగింది అని బాణపు గుర్తులతో గీయండి. పుస్తకం మూసి మళ్లీ గీయండి. తరవాత ఒక్కో బాణాన్ని కొట్టేసి, అక్కడ తెగితే ఏ జబ్బు వస్తుంది, ఏ మందు అక్కడ పనిచేస్తుంది అని అడగండి.

ఒకటి మీకే వదిలేస్తున్నాం. అడినైలిల్ సైక్లేజ్‌ను తట్టి లేపే జీ-ప్రోటీన్ ఉన్నట్టే, దాన్ని అణిచిపెట్టే జీ-ప్రోటీన్ కూడా ఉంది. కోరింత దగ్గు క్రిమి విషం ఈ రెండో దాన్ని పనిచేయనివ్వదు. అప్పుడు కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుందా, తగ్గుతుందా? కాగితం మీద గీసి చెప్పండి.