తూటా అడుగున చరిత్ర

పాత తూటాలు సేకరించడం ప్రపంచంలో చాలాచోట్ల ఒక అభిరుచి. మన దేశంలో మాత్రం అది చట్టం గీసిన గీతకు ఇవతలే సాగాలి. ఆ గీత దాటకుండానే వాటినుంచి తెలుసుకోగలిగింది చాలా ఉంది.

చట్టం తుపాకిని ఎందుకు ఒప్పుకుంటుందో తెలియాలంటే నిజామాబాద్ జిల్లా వర్ని మండలం చూడాలి. నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చాక ఇక్కడి నేల వరికి పెట్టింది పేరైంది. కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి క్యాంపులు కట్టుకున్నారు. పంట ఉన్నచోట అడవి పందుల బెడదా ఉంటుంది. అందుకే ఆయుధాల చట్టం (1959) పంట కాపలాను లైసెన్సుకు ఒక కారణంగా గుర్తించింది. 13వ సెక్షన్‌లో అందుకు పేరుపెట్టి చెప్పిన తుపాకి, గొట్టం మూతి నుంచి మందు దట్టించేది.

గమ్మత్తేమిటంటే ఆ తుపాకిలో తూటాయే ఉండదు. మందు వేరు, సీసపు గుండు వేరు, అడ్డంగా కుక్కే గుడ్డపీలిక వేరు, నిప్పు పుట్టించే మూత వేరు. రైతు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కూరి, కడ్డీతో దట్టించాలి. వీటిని ఒక్క పొట్లంలోకి చేర్చడమే తూటా పుట్టుక. సేకర్తలు వెతికేది ఆ పొట్లం మారుతూ వచ్చిన దారినే.

కాగితం నుంచి ఇత్తడికి

మొదట్లో పొట్లం నిజంగా కాగితమే. సిపాయి దాని కొస పంటితో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండును దించేవాడు. 1857లో ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటాకు పూసినది ఆవు కొవ్వనీ పంది కొవ్వనీ కలకత్తా పక్కనున్న డమ్‌డమ్‌లో మొదలైన మాట దేశమంతా పాకింది. ఆ మాటతో రగిలిన తిరుగుబాటు రోజుల్లోనే, ఆ ఏడాది జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి జరిగింది. తర్వాతి కాలంలో కోఠీ మహిళా కళాశాల నడిచిన భవనం అదే.

తర్వాత పదేళ్లలోపే కాగితం కాలం చెల్లింది. 1866 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బాక్సర్, అమెరికాలో బెర్డాన్ చెరో రకం ప్రైమర్ (నిప్పు పుట్టించే మూత) అమరిక తెచ్చారు. నేటికీ తూటాల్లో ఎక్కువగా వాడేది ఆ రెండు పద్ధతులే. తొలి మార్టినీ-హెన్రీ తుపాకి తూటా గొట్టాన్ని పల్చటి ఇత్తడి రేకు చుట్టి చేసేవారు. తుపాకి వేడెక్కితే రేకు లోపల ఇరుక్కుపోయేది. దాని గుండు 31 గ్రాముల సీసం. 1910లో వచ్చిన పాయింట్ 303 మార్క్-7 గుండు 11 గ్రాములే. పొగరాని మందు రావడంతో బరువు తగ్గినా వేగం పెరిగింది. మార్క్-7 ముక్కులో అల్యూమినియమో చెక్కగుజ్జో పెట్టి బరువంతా వెనక్కి నెట్టారు. కోసి రెండు ముక్కలు చేసిన నమూనాలో తప్ప ఇది కనిపించదు. అందుకే అలాంటి కోత నమూనాలకు సేకర్తల దగ్గర గిరాకీ.

డమ్‌డమ్ పేరు మరోసారి మోగింది 1890ల్లో. అక్కడి ఆయుధాగారంలో ముక్కు తెరిచి ఉంచిన గుండు తయారైంది. ఒంట్లో దిగాక విచ్చుకుని ఘోరమైన గాయం చేసేది. 1899 హేగ్ ప్రకటన ఆ రకాన్ని యుద్ధంలో నిషేధించింది.

వింతల వరస

పక్కన పుల్ల పొడుచుకొచ్చే పిన్‌ఫైర్ తూటా 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌ది. సుత్తి ఆ పుల్ల మీద పడితే పేలుతుంది. అమెరికాలో డార్డిక్ అనే ఆయన 1950ల్లో మూడు మూలల తూటా చేశాడు. 1960ల నాటి జైరోజెట్ అయితే అచ్చంగా చిన్న రాకెట్. మందు దాని కడుపులోనే ఉంటుంది కాబట్టి పేలాక ఖాళీ గొట్టం మిగలదు.

మన జమీందారీ ఇళ్లలో కనిపించినవి వేటతూటాలు. 12 బోరు అంటే పౌను సీసంతో పోతపోసిన 12 సమాన గుండ్లలో ఒకటి పట్టే గొట్టం. లెక్కకు 38 గ్రాములు. పెద్ద జంతువుల వేటకు వాడిన 4 బోరైతే పావు పౌను, అంటే 113 గ్రాములు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటకు కళ్లెం వేసింది. తాతల ట్రంకుపెట్టెల్లో అట్టగొట్టాల తూటాలు మిగిలిపోయాయి.

అడుగు ముద్ర చదివితే

తూటాకు జన్మపత్రిక దాని అడుగున ఉంటుంది. చేసిన కార్ఖానా, సంవత్సరం, రకం అక్కడే గుండ్రంగా కొట్టి ఉంటాయి. కే, ఎఫ్ అక్షరాల మధ్య బాణం గుర్తుంటే అది పుణె దగ్గరి కిర్కీ కార్ఖానాది. ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే ముద్ర. 1869లో పెట్టిన ఆ కార్ఖానా ఇప్పటికీ ఖడ్కీ పేరుతో నడుస్తోంది. ప్రైమర్ మీద సూది పొడిచిన గుర్తు, అంచున ఖాళీ గొట్టాన్ని లాగే కొక్కెం గీసిన గీత, ఆ తూటా ఏ తుపాకి నుంచి వచ్చిందో చెబుతాయి. ఫోరెన్సిక్ నిపుణులు కోర్టులో సాక్ష్యమిచ్చేది వీటి ఆధారంగానే.

తూటాల లెక్క చరిత్రకు ఎంత పనికొస్తుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌లో 11 తుపాకులు, 1390 తూటాలు పట్టుకెళ్లింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆపైన రాజవొమ్మంగి. మూడుచోట్లా కలిపి తుపాకులు 26, తూటాలు 2500కు పైనే. తీసుకెళ్లినవాటి వివరం రాజు స్టేషన్ డైరీలో రాసిపెట్టాడు. మన్యం తిరుగుబాటు ఎంత బలంతో మొదలైందో చెప్పే అంకెలివి. మూడేళ్ల ముందు జలియన్‌వాలాబాగ్‌లో 1650 తూటాలు కాల్చామని డయ్యర్ హంటర్ కమిషన్ ముందు చెప్పాడు. 50 రైఫిళ్లకు పంచితే ఒక్కొక్కదానికి 33. కాల్పులు పొరపాటున జరిగినవి కావని ఆ భాగహారం చాలు తేల్చడానికి.

చట్టం ఏమంటోంది?

అమెరికా, యూరప్ సేకర్తలకు సంఘాలున్నాయి, ఏటా సంతలున్నాయి. అది చూసి ఇక్కడ మొదలుపెడితే చిక్కే. లైసెన్సు లేకుండా పేలే తూటా ఒక్కటి దగ్గరున్నా నేరమే. లైసెన్సున్నా అందులో రాసిన బోరు తూటాలే, రాసినన్నే ఉండాలి. సైన్యం వాడే పాయింట్ 303 వంటివి పౌరులకు నిషిద్ధం.

‘పాతకాలపు వస్తువే కదా’ అంటారు కొందరు. 45వ సెక్షన్‌లో ఉన్న ఆ మినహాయింపు, బాగుచేసినా పనిచేయని పాత ఆయుధానికి. పేలే తూటాకు దాన్ని వర్తింపజేసుకోలేం. వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలకు అదే సెక్షన్‌లో వేరే మినహాయింపుంది. విమానాశ్రయంలో సంచి అడుగున ఒక్క తూటా దొరికిన కేసుల్లో, ఉందని తెలిసే పెట్టుకున్నాడా అన్నది కోర్టులు చూస్తాయి. కానీ ఆ మాట కోర్టులో తేలేలోపు ప్రయాణం ఆగుతుంది, కేసు నమోదవుతుంది. ఖాళీ గొట్టాలు పోగేసేవారైనా ఎక్కడివో చెప్పగలిగేలా కాగితం ఉంచుకోవాలి. పోలీసు ఫైరింగ్ రేంజ్‌లో ఖాళీలను కూడా లెక్కపెట్టి అప్పగిస్తారు. అక్కడినుంచి ఒకటి జేబులో వేసుకొచ్చినా అది సరదా కాదు.

వయసు మళ్లిందని తూటా చల్లబడదు. పొడిగా ఉంటే మందు, ప్రైమర్ దశాబ్దాల తర్వాత కూడా పేలతాయి. సుత్తితో కొట్టి గుండు ఊడదీయడం, ఇత్తడి కోసం పొయ్యిలో వేయడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

మరి అభిరుచి ఎలా?

సేకరించాల్సింది లోహాన్ని కాదు, సమాచారాన్ని. సాలార్‌జంగ్ మ్యూజియంలో కత్తుల ముందు ఆగినంతసేపు తుపాకుల ముందు కూడా ఆగండి. ఏది మూతి నుంచి దట్టించేదో, ఏది వెనక నుంచి తూటా పెట్టేదో గుర్తుపట్టండి. ఇంట్లో తాతగారి లైసెన్సు పుస్తకం ఉంటే భద్రం చేయండి. ఏ ఏట, ఏ బోరు, ఎన్ని తూటాలు కొన్నారో అందులో ఉంటుంది. వేటకు వాడేవారా, పంట కాపలాకా అని పెద్దల్ని అడిగి రాసుకోండి.

ఇల్లు మారుస్తున్నప్పుడో పాత పెట్టె తెరిచినప్పుడో తూటాలు బయటపడితే తాకకండి. ఉన్నచోటే దూరం నుంచి ఫొటో తీసి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకుండా 100కు ఫోన్ చేయండి. అప్పగించేటప్పుడు పంచనామాలో అడుగు ముద్ర కూడా రాయించి, నకలు అడగండి. వాటిని తర్వాత ధ్వంసం చేయవచ్చు. ఏ కార్ఖానాలో పుట్టి, ఏ ఊళ్లో, ఎవరింట తేలాయన్న వివరం మాత్రం ఆ నకలులో మీ దగ్గరే ఉంటుంది. చరిత్రకారుడికి కావాల్సింది అదే.